క్యారవాన్ అంటే బండా? ఇల్లా? ఒంటెలా?

గోదారి_గట్టు:
మేం యూకేలో ఉంటాం. సెలవులకని వేల్స్‌లో సముద్రం పక్కన క్యారవాన్ బుక్ చేశాం. తీరా వెళ్తే అది కదిలే బండే కాదు. దిమ్మల మీద నిలబెట్టిన రేకుల ఇల్లు, లోపల గ్యాస్ పొయ్యి, రెండు పడగ్గదులు! మా ఆయనేమో ఎడారిలో ఒంటెల వరసనే క్యారవాన్ అంటారంటాడు. మన దగ్గర హీరోలు కూర్చునే బస్సుదీ అదే పేరాయె. వీటన్నిటికీ సంబంధం ఏంటి?

లంగర్‌హౌస్_డ్రైవర్:
అక్కా, ఆ హీరోల బస్సు తోలేది నేనే! మా పక్క బస్తీ పేరే కార్వాన్. అది ఫార్సీ (పర్షియన్) మాట. కలిసి ప్రయాణం చేసే గుంపు అని అర్థం, అంటే మనుషులే, బండి కాదు. దారిదోపిడీల భయానికి వర్తకులు ఒంటరిగా కదిలేవాళ్లు కాదు. కుతుబ్‌షాహీల కాలంలో గోల్కొండ కోటకూ హైదరాబాదుకూ మధ్య ఈ కార్వాన్‌లోనే వజ్రాల బేరాలు నడిచేవి. 1671లో కట్టిన టోలీ మసీదు ఇప్పటికీ ఉంది, వచ్చినప్పుడు చూడండి. గుంపు దిగి రాత్రి పడుకునే చోటు సరాయి. షేక్‌పేటలో ఒకటి మిగిలింది.

ఇక మా బండి సంగతి. లొకేషన్‌కు చేరగానే ముందు జాకీలు దించి లెవెల్ చూసుకోవాలి. ఒక పక్కకు వాలిందంటే బాత్రూం నీళ్లు పోవు, తలుపు దానంతటదే తెరుచుకుంటుంది, మేకప్ వాళ్ల తిట్లు నాకు. తర్వాత జనరేటర్, ఏసీ. పేకప్ దాకా కదిలేదే లేదు. న్యాయంగా దీనికి సరాయి అని పేరు పెట్టాలి.

పాత_పుస్తకం:
బాగా చెప్పారు. క్రూసేడు యుద్ధాల కాలంలో ఆ మాట యూరప్ చేరి, ఫ్రెంచి మీదుగా 16వ శతాబ్దం చివర్లో ఇంగ్లీషులోకి వచ్చింది. అక్కడ గుంపు కాస్తా జనాన్ని మోసే పైకప్పున్న బండి అయింది, తర్వాత జిప్సీలు, సర్కస్‌వాళ్లు కాపురముండే గుర్రబ్బండి. 1885లో గోర్డన్ స్టేబుల్స్ అనే మాజీ నౌకాదళ డాక్టరు ‘వాండరర్’ అని ఒకటి చేయించుకుని, రెండు గుర్రాలు కట్టి సరదాగా ఊళ్లు తిరిగాడు. 1907లో క్యారవాన్ క్లబ్బే పెట్టుకున్నారు. గుర్రాల చోట కార్లొచ్చాయి, చివరికి చక్రాల పనే లేని మీ రేకుల ఇల్లు. వ్యాన్ కూడా ఈ మాట తోకే. ఆ ప్రయాణపు గుంపుకు మనకు బిడారు అనే మాట ఉండనే ఉంది, సంస్కృతంలో సార్థం, దాని పెద్ద సార్థవాహుడు.

లంగర్‌హౌస్_డ్రైవర్:
వ్యాన్ దీని తోకా! బొంబాయి యూనిట్లు వానిటీ వ్యాన్ అంటాయి, మనవాళ్లు క్యారవాన్ అంటారు. ఏది కరెక్టని సెట్లో రోజూ పంచాయితీ. రేపు చెప్తా వాళ్లకు. తెల్లారి ఐదింటికే షిఫ్టు, ఉంటానక్కా.