అప్‌డేట్: కిత్తనార కాడను నరకకుండా వదిలేశాక

పలాస దగ్గర మా జీడితోట గట్టున ఉన్న కిత్తనార నడిమి నుంచి మనిషికి మూడింతల ఎత్తున కాడ లేచిందని, దానిని నరికితే మొక్క బతుకుతుందా అని ఇదివరకు అడిగాను. నరకవద్దన్నవారే ఎక్కువ కనుక అలాగే వదిలేశాము. ఇప్పుడు పూలు రాలిపోయాయి, అడుగు మట్టలు పసుపుబారి వాలుతున్నాయి.

మట్టల అంచులు నునుపుగా ఉండి, కొనన మాత్రమే ముదురు రంగు ముల్లు ఉన్నందున ఇది మట్టల అంచుల నిండా ముళ్లుండే అగేవ్ అమెరికానా కాదు, మెక్సికోకు చెందిన అగేవ్ సిసలానా. పొట్టి కాండం చుట్టూ వలయంగా అమరిన ఆ మట్టలన్నీ నడుమనున్న ఒకే మొగ్గ నుంచి పుడతాయి; ఆ మొగ్గే పూకాడగా మారిపోతుంది కనుక, కాడను నరికినా నడిమి నుంచి కొత్త ఆకు రాదు. ఏళ్ల తరబడి కూడబెట్టిన చక్కెరలూ నీరూ కాడకే ఖర్చవుతాయి, అందుకే పూశాక తల్లి మొక్క చనిపోతుంది. పగలు నీరు ఆవిరైపోకుండా ఆకురంధ్రాలు మూసుకొని, రాత్రి తెరిచి, పీల్చిన కార్బన్ డయాక్సైడును మాలిక్ ఆమ్లంగా నిలవచేసుకునే మొక్క కాబట్టే, మేము ఒక్క బిందె నీళ్లు పోయకపోయినా అంత కూడబెట్టగలిగింది.

నాకు అన్నిటికన్నా ఆసక్తి కలిగించినవి పూలు రాలిన కొమ్మలపై మొలిచిన పిలకలు. ఈ జాతి కణాల్లో క్రోమోజోముల సముదాయాలు రెండుకు బదులు ఐదు, అంటే మొత్తం సుమారు 150 క్రోమోజోములు ఉండడంతో విత్తనాలు అరుదుగానే కడతాయి. ఆ లోటును చిన్న చిన్న ఆకులతో తయారైన ఈ పిలకలు తీరుస్తాయి. తల్లి మొదట్లోనూ పిలకలు లేచాయి, అవి తల్లితోపాటు చావవు.

వానలు పడ్డాక కొన్నిటిని పశువులు చొరబడే వైపు నాటుతాము. పిల్లలు నడిచే బాట పక్కన మాత్రం, కొనముల్లు కారణంగా, ఒక్కటి కూడా ఉంచము.