ట్రే స్మిత్‌కు చీఫ్స్ దీర్ఘకాలిక ఒప్పందం ఇవ్వాలా, వద్దా? (2025 వేసవి నాటి చర్చ)

ఎర్రజెర్సీ:
అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు కాన్సాస్ సిటీ చీఫ్స్‌లో, బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌ను కాచే వరుసలో కుడి గార్డ్ అయిన ట్రే స్మిత్‌కు జట్టు సుమారు 2.34 కోట్ల డాలర్ల ఫ్రాంచైజ్ ట్యాగ్ (ఒప్పందం ముగిసిన ఆటగాణ్ని నిర్ణీత జీతానికి మరో ఏడాది అట్టిపెట్టుకునే హక్కు) వేసింది. దీర్ఘకాలిక ఒప్పందానికి 2025 జూలై 15 వరకే గడువు ఉంది. అది దాటితే ఈ సీజనంతా అతను ఆ ఒక్క ఏడాది జీతానికే ఆడాలి. వయసు 26. నాలుగేళ్లుగా దాదాపు ప్రతి మ్యాచ్‌లోనూ మొదటి స్నాప్ (బంతి ఆటలోకి వచ్చే క్షణం) నుంచే మైదానంలో ఉన్నాడు. ఇలాంటివాణ్ని వదులుకోకూడదని నా అభిప్రాయం.

లెక్కలవాడు:
ఎర్రజెర్సీ గారూ, నా పేచీ ఆటగాడితో కాదు, ధరతో. ట్యాగ్ మొత్తాన్ని లెక్కగట్టేటప్పుడు వరుస చివర నిలిచే టాకిల్, మధ్యలో ఉండే సెంటర్, వారి నడుమ గార్డ్ అనే తేడా లేకుండా లైన్‌మెన్ అందరినీ ఒకే గాటన కట్టడం వల్ల, టాకిళ్ల జీతాలే కొలబద్దగా మారి గార్డ్‌కు అతని స్థానానికి మించిన ధర పలుకుతోంది. ఏజెంట్ బేరం అక్కడి నుంచే మొదలవుతుంది. పైగా ఫిబ్రవరిలో జరిగిన లీగ్ ఫైనల్ సూపర్ బౌల్‌లో స్మిత్ ఉండగానే మన క్వార్టర్‌బ్యాక్ మహోమ్స్ ఆరుసార్లు శాక్ అయ్యాడు (బంతి విసిరేలోపే పడగొట్టేశారు). 2021 డ్రాఫ్ట్ (జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే కార్యక్రమం) ఆరో రౌండ్‌లో, 226వ ఎంపికగా ఇతణ్ని పట్టుకొచ్చిన జట్టు మరొకరిని వెతుక్కోలేదా?

ఎర్రజెర్సీ:
అతను ఆరో రౌండ్ దాకా జారింది ప్రతిభ తక్కువై కాదు. టెనెసీ విశ్వవిద్యాలయంలో ఉండగా ఊపిరితిత్తుల్లో రక్తపు గడ్డలు ఏర్పడ్డాయని జట్లు జంకాయి. అలాంటి అదృష్టం ఏటా తలుపు తట్టదు. ఇక సూపర్ బౌల్ సంగతికి వస్తే, ఎడమ టాకిల్‌గా ఎవరూ కుదురుకోకపోవడంతో ఎడమ గార్డ్ జో థూనీని అక్కడికి జరిపి అతుకు వేశారు. ఆ అతుకు ఆ రోజు ఊడింది. అసలు దాని అవసరం ఎందుకొచ్చింది? 2022లో ఎడమ టాకిల్ ఓర్లాండో బ్రౌన్‌కు ఇలాగే ట్యాగ్ వేసి, ఒప్పందం కుదరక, మరుసటి ఏడాది సిన్సినాటి జట్టుకు వదులుకున్నారు. అప్పటి నుంచి ఆ చోటు చేతులు మారుతూనే ఉంది. ఈ మార్చిలో 32 ఏళ్ల థూనీని కూడా 2026 డ్రాఫ్ట్ నాలుగో రౌండ్ ఎంపిక కోసం షికాగో జట్టుకు ఇచ్చేశారు. (అది సబబేనని నేనూ అంటాను.) అయితే రెండో గార్డ్‌ను కూడా పోగొట్టుకుంటే, సెంటర్ క్రీడ్ హంఫ్రీకి నిరుడు నాలుగేళ్లకు 7.2 కోట్ల డాలర్లు రాసిచ్చింది ఇరుపక్కలా కొత్తవారిని పెట్టుకోవడానికేనా?

గోడమీదిపిల్లి:
ఈ ఏడాది ట్యాగ్ మీద ఆడించి తర్వాత చూద్దామనేవారు ఒక విషయం మరవకూడదు: రెండోసారి ట్యాగ్ వేస్తే జీతం 20 శాతం పెరిగి 2.8 కోట్లు అవుతుంది. అదే ఒప్పందం రాస్తే సైనింగ్ బోనస్‌ను (సంతకం చేసినందుకు ఇచ్చే సొమ్మును) లెక్కల్లో ఐదేళ్ల వరకు పరచి, ఈ ఏటి క్యాప్ (జట్టు మొత్తం జీతాలపై లీగ్ పెట్టే పరిమితి) భారం తగ్గించుకోవచ్చు.

లెక్కలవాడు:
బ్రౌన్ ఉదాహరణకు నా దగ్గర జవాబు లేదు. 2025 వేసవి నాటికి గార్డ్‌లలో అత్యధికం ఈగల్స్ ఆటగాడు లాండన్ డికర్సన్‌కు ఏటా దక్కే 2.1 కోట్లు. స్మిత్‌కు దానికి కాస్త పైన ఇచ్చినా ఒప్పుకుంటాను గాని, ట్యాగ్ అంకెను దాటితే మాత్రం వద్దంటాను.