కెనడాలో ఫార్మసిస్టు కావాలంటే: బ్రాంప్టన్ చెల్లికి జవాబులు

బ్రాంప్టన్ నుంచి, కొత్త సభ్యురాలు:

అందరికీ నమస్కారం. హైదరాబాద్‌లో జేఎన్‌టీయూ కింద బీఫార్మసీ చేసి, ఒక హాస్పిటల్ ఫార్మసీలో పనిచేశాను. పెళ్లయ్యాక పీఆర్ (శాశ్వత నివాస అనుమతి) మీద ఈమధ్యే ఇక్కడికి వచ్చాను. నాలుగేళ్ల డిగ్రీ చెల్లదని ఒకరు, ఫార్మసీ వదిలేసి ఏదైనా ఐటీ కోర్సు చేయమని ఇంకొకరు చెబుతున్నారు. నాకు మాత్రం ఈ వృత్తిలోనే ఉండాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక చాలా టెన్షన్‌గా ఉంది.

మిసిసాగా నుంచి:

చెల్లెమ్మా, వయసులో పెద్దదాన్ని కాబట్టి నువ్వు అనే అంటున్నాను. డిగ్రీ చెల్లదన్న మాట అమెరికాకు సంబంధించింది. 2003 జనవరి 1 నుంచి పట్టా పుచ్చుకున్నవాళ్లకు అక్కడ కనీసం ఐదేళ్ల కోర్సు ఉండాలి. అందుకే మన ఆరేళ్ల ఫార్మ్‌డీ వాళ్లకు అక్కడ దారి ఉంది, బీఫార్మసీ వాళ్లకు లేదు. కెనడాలో ఆ అడ్డు లేదు. నేనూ బీఫార్మసీతోనే వచ్చి ఇక్కడ లైసెన్సు తెచ్చుకున్నాను.

ముందుగా ఫార్మసిస్ట్స్ గేట్‌వే కెనడాలో పేరు నమోదు చేసుకో. తర్వాత పీఈబీసీ, అంటే ఫార్మసిస్టుల పరీక్షలు పెట్టే ఇక్కడి బోర్డు వాళ్లు, నీ సర్టిఫికెట్లు పరిశీలిస్తారు. అది అయ్యాక ఎవాల్యుయేటింగ్ ఎగ్జామ్, ఆపైన క్వాలిఫైయింగ్ ఎగ్జామ్ రెండు భాగాలు. చివర్లో మన రాష్ట్రం ఒంటారియోలో లైసెన్సు ఇచ్చే సంస్థ, ఒంటారియో కాలేజ్ ఆఫ్ ఫార్మసిస్ట్స్, అడిగేవి ఉంటాయి, ఇక్కడి చట్టాల పరీక్ష లాంటివి. క్యుబెక్ పద్ధతి వేరు, దాని జోలికి ఇప్పుడు వెళ్లకు.

చదువు మొదలుపెట్టే ముందే కాగితాల పని పట్టించుకో. ట్రాన్‌స్క్రిప్టులు యూనివర్సిటీ నుంచి నేరుగా పీఈబీసీకి చేరాలి, నీ చేతి మీదుగా పంపితే కుదరదు. కాబట్టి హైదరాబాద్‌లో అన్నయ్యో నాన్నగారో ఆఫీసు చుట్టూ తిరగగలిగేలా చూసుకో. మనవాళ్లకు ఎక్కువగా చిక్కు వచ్చేది పేరు దగ్గరే. టెన్త్ మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరమే ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది, పెళ్లయ్యాక కొందరికి అది కూడా మారుతుంది. అన్నీ ఒకే మనిషివని చూపించే అఫిడవిట్, పెళ్లి సర్టిఫికెట్ ఇప్పుడే సిద్ధం చేసి పెట్టుకో.

ఇక పరీక్ష సంగతి. మన పిల్లలు ఫార్మకాలజీలో గట్టివాళ్లే. కష్టమంతా క్వాలిఫైయింగ్‌లో రెండో భాగం, ఓస్కీ అనే ప్రాక్టికల్ పరీక్ష దగ్గర. పేషెంటుగా నటించే మనిషి నీ ముందు ఉంటారు, పక్కన పరీక్షకులు మార్కులు వేస్తుంటారు, చేతిలో కొద్ది నిమిషాలే. ఉదాహరణకు ఒకామె థైరాయిడ్ మాత్ర లెవోథైరాక్సిన్ తీసుకోవడానికి వచ్చిందనుకో. మన దగ్గరైతే "పరగడుపున వేసుకోండమ్మా" అని కవర్ మీద రాసి ఇచ్చేస్తాం. ఇక్కడ ముందు అడగాలి: ఈ మందు దేనికని డాక్టరు చెప్పారు? ఇంకా ఏమేం వాడుతున్నారు? అప్పుడు బయటపడుతుంది, ఆమె పొద్దున్నే దానితోపాటు కాల్షియం బిళ్ల కూడా మింగుతోందని. కాల్షియం ఆ మందును ఒంటికి పట్టనివ్వదు, రెండింటి మధ్య నాలుగు గంటల ఎడం కావాలి. అడగకుండా చెప్పేసినవాళ్లకు ఎంత తెలిసినా లాభం లేదు.

ఈ అలవాటు పుస్తకాలతో రాదు. అందుకే నా గట్టి సలహా ఒక్కటే: వేర్‌హౌస్ ఉద్యోగంలో చిక్కుకోకుండా, వీలైనంత త్వరగా ఏదైనా మందుల షాపులో ఫార్మసీ అసిస్టెంటుగా చేరు. ఒంటారియోలో దానికి లైసెన్సు అక్కర్లేదు. టెక్నీషియన్ అయితే లైసెన్సు ఉండాలి, రెజ్యూమెలో ఆ మాట వాడకు. జీతం తక్కువే. కానీ పారాసెటమాల్‌ని ఇక్కడ అసిటమినోఫెన్ అంటారని, కొలత యూనిట్ వేరు కాబట్టి షుగర్ రీడింగు 126 బదులు 7 అని వినిపిస్తుందని, ఇన్సూరెన్సు క్లెయిము తిరిగొస్తే పేషెంటుకు ఎలా చెప్పాలో, అన్నీ రోజూ చెవిన పడతాయి. ఆ తర్వాత డబ్బు సర్దుబాటైతే టొరంటో యూనివర్సిటీలో విదేశీ ఫార్మసీ గ్రాడ్యుయేట్ల కోసమే ఉన్న ఐపీజీ ప్రోగ్రామ్ గురించి కనుక్కో. కౌంటర్ దగ్గర మాట్లాడటం అక్కడ బాగా నేర్పిస్తారు.

కాల్గరీ నుంచి:

అక్కయ్య చెప్పినదంతా నిజం. ఒక్కటి కలుపుతాను. ఐటీకి మారమనేవాళ్లకు ఇక్కడి ఫార్మసిస్టు ఏం చేస్తారో పూర్తిగా తెలియదమ్మా. అల్బర్టాలో 2007 నుంచి, అదనపు అనుమతి పొందిన ఫార్మసిస్టులు సొంతంగా మందులు రాస్తున్నారు. మీ ఒంటారియోలోనూ 2023 జనవరి నుంచి కళ్లకలక, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ లాంటి చిన్న జబ్బులకు ఫార్మసిస్టే మందు రాయొచ్చు. హాస్పిటల్లో చేసిన మీకు ఈ పని తప్పకుండా నచ్చుతుంది.

షాపులకు రెజ్యూమె ఇవ్వడానికి సోమవారం పొద్దున వెళ్లకండి, అప్పుడు తలెత్తడానికి కూడా తీరిక ఉండదు. మధ్యాహ్నం రెండు, మూడు గంటల మధ్య వెళ్లి నేరుగా ఫార్మసిస్టుతోనే మాట్లాడండి. ఓస్కీ ప్రాక్టీసుకు ఆదివారాలు మేం కొందరం వీడియోలో కలుస్తాం. పేషెంటుగా నటించడానికి మీరు ఇప్పటినుంచే రావచ్చు.