సబ్‌స్టెన్స్ పికి ఒక రింగు బిగుస్తోంది, పక్క రింగు కదలడం లేదు. ఎందుకు?

ప్రశ్న (పీహెచ్‌డీ_రెండో_ఏడాది):
గినీ పిగ్ ట్రాకియా (శ్వాసనాళం) రింగులను ఆర్గాన్ బాత్‌లో, అంటే కణజాలాన్ని బతికించి ఉంచే ద్రవపు పాత్రలో, వేలాడదీసి సబ్‌స్టెన్స్ పి అనే పెప్టైడ్ ఇస్తున్నాను. ఒకే జంతువు నుంచి కోసిన నాలుగు రింగుల్లో రెండు గట్టిగా బిగుస్తాయి, మిగతా రెండిటిలో బిగింపును నమోదు చేసే గీత దాదాపు లేవదు. కండరాన్ని బిగించే మందు కార్బకాల్‌కు మాత్రం నాలుగూ ఒకేలా స్పందిస్తున్నాయి. పోలిక కోసం చిట్టెలుక ట్రాకియాను కార్బకాల్‌తో బిగించి అదే పెప్టైడ్ ఇస్తే, ఇంకా బిగుసుకోకపోగా వదులైంది. మళ్లీ చేసినా అంతే. ఈ డేటా పక్కన పెట్టేయమని మా గైడ్ అంటున్నారు. జంతువుల ప్రాణాలు తీసి తెచ్చిన అంకెలు ఇవి. కారణం తెలియకుండా వదిలేయడానికి నాకు మనసొప్పడం లేదు.

జవాబు (ఆర్గాన్‌బాత్_అక్క):
దయచేసి పారేయకండి. మొదట్లో నేనూ ఇక్కడే తల పట్టుకున్నాను. రింగుల లోపలి పొర, అంటే ఎపిథీలియం, నాలుగింటిలోనూ చెక్కుచెదరకుండా ఉందా? ముందు అది చూడండి.

ఆ పొర కణాల మీద న్యూట్రల్ ఎండోపెప్టిడేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. సబ్‌స్టెన్స్ పి 11 అమైనో ఆమ్లాల చిన్న గొలుసు. అది కండరం దాకా వెళ్లేలోపే ఈ ఎంజైమ్ చాలావరకు ముక్కలు చేసేస్తుంది. ఫోర్సెప్స్ మొన తగిలి పొర రాలిన చోట అడ్డుకునేవాళ్లు ఉండరు, అదే మోతాదు ఎన్నో రెట్లు పెరిగినట్టు పనిచేస్తుంది. కార్బకాల్ పెప్టైడ్ కాదు, దాని జోలికి ఈ ఎంజైమ్ పోదు. అందుకే దానికి నాలుగు రింగులూ ఒకేలా బిగిశాయి.

తేల్చుకోవడానికి కొత్త జంతువులు ఎక్కువ అక్కర్లేదు. ఒక్క ట్రాకియా నుంచి నాలుగు రింగులు తీయండి. రెండిటి లోపలి పొరను దూదితో మెల్లగా తుడిచేయండి, రెండిటిని ముట్టుకోకండి. ప్రతి జతలో ఒకదానికి ముందుగా ఫాస్ఫోరమిడాన్ ఇవ్వండి, అది ఆ ఎంజైమ్‌ను ఆపుతుంది. పొర ఉన్న రింగు కూడా అప్పుడు తుడిచిన రింగులా బిగిస్తే మీ తేడాకు కారణం దొరికినట్టే.

ఇంకో మాట. ఈ పెప్టైడ్ గాజుకూ ప్లాస్టిక్‌కూ అంటుకుంటుంది, చివరనున్న మెథియోనిన్ అనే అమైనో ఆమ్లం గాలికి ఆక్సీకరణ చెందుతుంది. చిన్న చిన్న వయల్స్‌లో గడ్డకట్టించి, ఒకసారి కరిగించింది మళ్లీ వాడకండి. ఈ సంగతి తెలియక నేను మూడు వారాలు పోగొట్టుకున్నాను. ఒకే రింగుకు వెంటవెంటనే మోతాదులు కూడా వద్దు, కణాల మీద పెప్టైడ్ అతుక్కునే గ్రాహకాలు మొద్దుబారిపోతాయి.

జవాబు (మౌస్_ల్యాబ్):
చిట్టెలుకలో మీరు చూసినది పొరపాటు కాదు. అక్కడ సబ్‌స్టెన్స్ పి ఎపిథీలియంలోని ఎన్‌కే1 అనే రకం గ్రాహకాలను తాకుతుంది, ఆ కణాలు ప్రోస్టాగ్లాండిన్ ఈ2 వదులుతాయి, దానితో కండరం సడలుతుంది. ప్రోస్టాగ్లాండిన్ల తయారీని ఆపే ఇండోమెథాసిన్ ఇచ్చి చూడండి, ఆ సడలింపు చాలావరకు పోతుంది. గినీ పిగ్‌లోనేమో గ్రాహకాలు కండరం మీదే ఉన్నాయి, బిగింపులో పెద్ద పాత్ర ఎన్‌కే2 అనే మరో రకానిది. అందుకే అక్కడ అదే కుటుంబపు పెప్టైడ్ న్యూరోకైనిన్ ఎ కూడా పెట్టి చూడండి, సబ్‌స్టెన్స్ పి కంటే అది గట్టిగా బిగిస్తుంది.

జవాబు (వేగస్_నరం):
బతికున్న జంతువులో ఈ పెప్టైడ్‌లు ముఖ్యంగా నరాల చివర్ల నుంచి వస్తాయి. మత్తులో ఉన్న గినీ పిగ్‌కు అసిటైల్‌కోలిన్ పనిని అడ్డుకునే అట్రోపిన్ ఇచ్చాక కూడా, శ్వాసనాళాలకు వెళ్లే వేగస్ నరాన్ని ప్రేరేపిస్తే కొంత సంకోచం మిగులుతుంది. మిరపలోని కాప్సైసిన్‌ను ముందే ఇచ్చి ఆ నరాల్లోని పెప్టైడ్‌లను ఖాళీ చేస్తే ఆ మిగిలినదీ పోతుంది. మనిషి శ్వాసనాళాల్లో ఇలాంటి తంతువులు చాలా తక్కువ, కాబట్టి గినీ పిగ్ ఫలితాన్ని నేరుగా ఆస్తమాకు అంటగట్టకండి. థీసిస్‌లో ఈ ముక్క తప్పకుండా రాయండి.

పీహెచ్‌డీ_రెండో_ఏడాది:
అందరికీ కృతజ్ఞతలు. అక్కా, ఆ నాలుగు రింగులూ ఫార్మాలిన్‌లోనే ఉంచాను. ఈ రోజు స్లైడ్లు తీయించాను. గట్టిగా బిగిసిన రెండిటిలోనూ లోపలి పొర చాలా చోట్ల లేదు. హుక్ తొడిగేటప్పుడు గీసుకుపోయి ఉంటుంది. స్లైడ్లు మా గైడ్‌కు చూపించాను, ఫాస్ఫోరమిడాన్ తెప్పించడానికి ఒప్పుకున్నారు.