అల్బుమిన్ తగ్గిందంటే తిండి చాలలేదని అర్థమా?

ప్రశ్న: అల్లూరు కోడలు

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు జిల్లా అల్లూరు. మా అత్తయ్యకు అరవై దాటాయి, చాలా ఏళ్లుగా షుగరు ఉంది. ఈమధ్య ఆమెకు రెండు కాళ్లకూ నీరు పట్టింది. సాయంత్రం పూట చీలమండ దగ్గర వేలితో నొక్కితే పడిన గుంట కాసేపటి దాకా పూడటం లేదు. పొద్దున లేచేసరికి కళ్ల కింద ఉబ్బుగా ఉంటోంది. రక్తపరీక్ష చేయిస్తే మొత్తం ప్రోటీన్ 5.6 అనీ, అందులో అల్బుమిన్ 2.6 అనీ వచ్చింది. కాల్షియం 7.6 అని, అదీ తక్కువేనన్నట్టు దిట్టమైన అక్షరాలతో అచ్చువేసి ఇచ్చారు. డాక్టరు గారిని సోమవారం కలవాలి. ఈలోగా చూడవచ్చిన చుట్టాలందరూ ప్రోటీన్ పొడి పట్టించమంటున్నారు, మందుల దుకాణంలోనైతే అడగకముందే ఒక పెద్ద డబ్బా చేతిలో పెట్టారు. మా ఇంట్లో పప్పు లేని రోజు లేదు, వారంలో ఎక్కువ రోజులు చేపలు వండుతాం, ఆమె అన్నం తగ్గించిందీ లేదు. బరువు నీరు పట్టకముందు 55 కిలోలు. మరి తిన్న ప్రోటీన్ అంతా ఎక్కడికి పోతున్నట్టు? పొడి పట్టిస్తే ఆ 2.6 పెరుగుతుందా? తెలిసినవారు చెప్పగలరు.

జవాబు: ఒంగోలు అధ్యాపకురాలు

కళాశాలలో జీవరసాయన శాస్త్రం బోధిస్తాను, వైద్యురాలిని కాను. కాబట్టి వైద్యం సంగతి సోమవారానికి వదిలి, శరీరం లోపల జరిగేది మాత్రం చెబుతాను.

మనం తిన్న ప్రోటీన్ ఏదీ ఆ రూపంలోనే రక్తంలోకి చేరదు. చేపలోని కండర ప్రోటీన్ అయినా, కందిపప్పులోని గింజ ప్రోటీన్ అయినా, జీర్ణాశయంలో పెప్సిన్, చిన్నపేగులో ట్రిప్సిన్ వంటి ఎంజైములు వాటిని తునకలు చేసి, చివరకు అమైనో ఆమ్లాలుగా విడగొట్టిన తరువాతే ఒంటికి పడతాయి. పాత ఇల్లు విప్పి, ఆ ఇటుకలతోనే వేరే నమూనాలో కొత్త ఇల్లు కట్టుకున్నట్టు, శరీరం ఆ అమైనో ఆమ్లాలతో తనకు కావలసిన ప్రోటీన్లను తానే కట్టుకుంటుంది. ఏది ఎంత కట్టాలో ఆయా కణాలలోని జన్యువులూ, అప్పటి అవసరమూ నిర్ణయిస్తాయి. కాబట్టి ఇటుకలు ఎక్కువ తెచ్చి పోసినంత మాత్రాన మనం కోరుకున్న గోడే లేస్తుందని అనుకోవడానికి లేదు.

అల్బుమిన్ 585 అమైనో ఆమ్లాల గొలుసు. దీన్ని తయారుచేసేది కాలేయం ఒక్కటే. రోజుకు 10 నుంచి 15 గ్రాముల దాకా చేసి రక్తంలోకి వదులుతుంది. ఒకసారి తయారైన అల్బుమిన్‌లో సగం తరిగిపోవడానికి మూడు వారాలకు అటూ ఇటుగా పడుతుంది. అందుకే రెండు రోజులు పస్తున్నందుకు అది పడిపోదు, రెండు రోజులు గుడ్లు తిన్నందుకు లేవదు. రక్తనాళాలలోని నీటిని బయటి కణజాలంలోకి జారిపోకుండా పట్టి ఉంచే బలంలో అధిక భాగం దీనిదే. కొవ్వు ఆమ్లాలను, బిలిరుబిన్‌ను, కాల్షియంను, అనేక మందులను మోసుకుని తిరిగేదీ ఇదే.

ఇక మీ అత్తయ్యగారి తిండి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ సూచన ప్రకారం పెద్దవారికి కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రోటీన్ కావాలి. ఆమెకు అది 46 గ్రాముల దరిదాపుల్లో ఉంటుంది. పావుకిలో బియ్యంలోనే 18 గ్రాముల పైచిలుకు ఉంటుంది, యాభై గ్రాముల కందిపప్పు 11 గ్రాములు ఇస్తుంది, పులుసులోని రెండు చేపముక్కలు వంద గ్రాములు తూగితే మరో 18 గ్రాములు వస్తాయి. పైగా బియ్యంలో తక్కువగా ఉండే లైసిన్ అనే అమైనో ఆమ్లాన్ని పప్పు భర్తీ చేస్తుంది. మీరు చెప్పినట్టే ఆమె తింటుంటే లోటు కంచంలో లేదనే నాకు అనిపిస్తోంది. కాలేయం సరిగా చేయలేకపోవడం, ఒంట్లో ఎక్కడో దీర్ఘకాలం ఇన్‌ఫ్లమేషన్ (కాళ్లకు పట్టిన నీరు కాదు, లోపలి మంటవాపు) ఉండటం వల్ల కాలేయం అల్బుమిన్‌ను తగ్గించి వేరే ప్రోటీన్ల తయారీకి మళ్లడం, లేదా తయారైనది బయటికి కారిపోవడం: వెతకవలసినవి ఇవి. చాలా ఏళ్ల షుగరు, పొద్దున కళ్ల కింద ఉబ్బు అన్నారు గనుక నా అనుమానం మూడోదాని మీద. మూత్రపరీక్ష చేయించారా?

జవాబు: కావలి ల్యాబ్

టీచరు గారు అడిగిందే నేనూ అడుగుతున్నాను. ల్యాబులో పనిచేస్తాను కాబట్టి పరీక్ష ఎలా జరుగుతుందో చెబుతాను. రక్తంలో అల్బుమిన్ చూడటానికి బ్రోమోక్రెసాల్ గ్రీన్ అనే రంగు ద్రావణం వాడతాం. పసుపుపచ్చగా ఉన్న ద్రావణంలో చుక్క సీరం (రక్తం గడ్డకట్టాక పైన మిగిలే ద్రవం) పడగానే అల్బుమిన్ ఆ రంగును పట్టుకుంటుంది, నాళిక నీలి ఆకుపచ్చకు తిరుగుతుంది. ఆ రంగు ఎంత చిక్కగా ఉందో యంత్రం కొలిచి అంకె ఇస్తుంది. మూత్రంలో ముంచే పట్టీ మీది గడీ కూడా ఇంచుమించు ఇదే సూత్రంతో పసుపు నుంచి ఆకుపచ్చకు మారుతుంది.

మీ కాగితంలో 5.6 లోంచి 2.6 తీసేస్తే గ్లోబ్యులిన్లు, అంటే రక్తంలోని మిగతా ప్రోటీన్లు, 3.0, అవి బాగానే ఉన్నాయి. తగ్గింది అల్బుమిన్ ఒక్కటే. సోమవారం దాకా ఆగకుండా రేపు పొద్దున మొదటి మూత్రం పట్టించి, పట్టీ పరీక్షతో పాటు అల్బుమిన్–క్రియాటినిన్ నిష్పత్తి (క్రియాటినిన్ అంటే మూత్రంలో పోయే కండరాల వ్యర్థం) చేయించండి. అది 30 లోపు ఉండాలి. మూత్రంలో నురగ వచ్చి చాలాసేపు అణగకుండా ఉంటోందేమో కూడా గమనించమనండి.

జవాబు: సింగరాయకొండ

పైవారితో నాకు కొంత పేచీ ఉంది. మా నాన్నగారికి డయాలసిస్ జరుగుతోంది. అక్కడ ప్రోటీన్ బాగా తినాలని, రోజూ గుడ్డు తెల్లసొన పెట్టమని వాళ్లే చెప్పారు. కిడ్నీ జబ్బుకే పెట్టమంటుంటే ఇక్కడ పొడి వద్దన్నట్టు మాట్లాడటం సరికాదేమో.

జవాబు: ఒంగోలు అధ్యాపకురాలు

మీ నాన్నగారికి చెప్పింది సరైనదే, అయితే ఆయన స్థితి వేరు. డయాలసిస్ జరిగిన ప్రతిసారీ కొంత అమైనో ఆమ్లాలు ఆ ద్రవంలోకి పోతాయి, కండ కూడా కరుగుతుంది; అందుకే వారికి మామూలు మనిషి కంటే ఎక్కువ ప్రోటీన్ కావాలి. డయాలసిస్ దాకా రాని కిడ్నీ జబ్బులో మాత్రం అతిగా పెట్టవద్దంటారు. మూత్రపిండాలలోని జల్లెడలు రోజుకు 180 లీటర్ల ద్రవాన్ని వడకడుతూ కూడా అల్బుమిన్‌ను దాదాపు జారనివ్వవు. షుగరు వల్ల ఆ జల్లెడ దెబ్బతిన్నప్పుడు ప్రోటీన్ ఎక్కువ తినిపిస్తే కాలేయం అల్బుమిన్‌ను ఎక్కువగానే చేస్తుంది, కానీ కారిపోయేదీ ఆ మేరకు పెరుగుతుంది, రక్తంలోని అంకె మాత్రం లేవదు. ఏ దశలో ఉన్నారో తేలకుండా డబ్బా విప్పవద్దని నేననేది ఇందుకే.

ప్రశ్నకర్త: అల్లూరు కోడలు

అందరికీ ధన్యవాదాలు. మూత్రపరీక్ష చేయించాం, పట్టీ మీద మూడు ప్లస్‌లు వచ్చాయి, అంటే మూత్రంలో ప్రోటీన్ బాగానే పోతోంది. ఆ కాగితం చూసి డాక్టరు గారు ఇరవై నాలుగు గంటల మూత్రం పట్టమన్నారు, ప్రోటీన్ కారడాన్ని తగ్గిస్తుందని ఒక బి.పి. మాత్ర మొదలుపెట్టారు, కొన్నాళ్లకు పొటాషియం, క్రియాటినిన్ మళ్లీ చూడాలన్నారు. ప్రోటీన్ మామూలుగానే పెట్టమని చెప్పి, ఎండుచేపలు, ఊరగాయలు పూర్తిగా మానిపించమన్నారు. ఎండుచేపల మాట వినగానే మా అత్తయ్య ముఖం చిన్నబోయింది. పొడి డబ్బా సీలు తీయలేదు గనుక దుకాణంలో తిరిగి ఇచ్చేశాను. ఒక్క సందేహం మిగిలింది, అక్కడి హడావుడిలో అడగడం మరిచాను: ఆ కాల్షియం 7.6 కు మాత్రలు మొదలుపెట్టాలా?

జవాబు: కావలి ల్యాబ్

ఎండుచేపల్లో ప్రోటీన్ బాగానే ఉంటుందమ్మా, చిక్కంతా ఉప్పుతోనే. అల్బుమిన్ తగ్గడానికి తోడు, ఈ జబ్బులో మూత్రపిండం ఉప్పును బయటికి వదలక పట్టి ఉంచుతుంది. ఉప్పు ఆగిన చోట నీరూ ఆగుతుంది.

కాల్షియం సంగతికి వస్తే, రక్తంలోని కాల్షియంలో దాదాపు సగం ప్రోటీన్లను, ముఖ్యంగా అల్బుమిన్‌ను, అంటిపెట్టుకుని ఉంటుంది. మోసే అల్బుమిన్ తగ్గితే మొత్తం కాల్షియం తగ్గినట్టు కనిపిస్తుంది, విడిగా ఉండి పనిచేసే భాగం సరిగానే ఉండవచ్చు. అల్బుమిన్ 4 కంటే ఎన్ని గ్రాములు తక్కువైతే ఒక్కో గ్రాముకు 0.8 చొప్పున కాల్షియంకు కలిపి చూడటం వాడుకలో ఉన్న లెక్క. మీ అత్తయ్యగారికి 1.4 తక్కువ, అంటే 1.1 కలపాలి, 8.7 వస్తుంది, మామూలు హద్దుల్లోనే ఉంది. ఇది ఉజ్జాయింపు మాత్రమే, కిడ్నీ జబ్బులో కొన్నిసార్లు తప్పుతుంది. అందుకని మీ అంతట మీరు మాత్రలు మొదలుపెట్టకుండా, ఈసారి వెళ్లినప్పుడు అయోనైజ్డ్ కాల్షియం, అంటే ఆ విడిగా ఉండే భాగాన్ని కొలిచే పరీక్ష, రాయమని డాక్టరు గారిని అడగండి.