ఏఐ ఏజెంట్‌కి ప్రొడక్షన్ సర్వర్ తాళాలు ఇవ్వొచ్చా?

గవర్నర్‌పేట డెవలపర్

మాది విజయవాడలో చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు. గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారులకీ, ఆ చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీలకీ లెక్కల సాఫ్ట్‌వేర్ చేసి ఇస్తాం. రైతు తెచ్చిన టిక్కీలు (మిర్చి బస్తాలు) ఎన్ని, కాటా ఎంత, మిర్చి రకం తేజానా 334నా, తాలు ఎంత, అడ్వాన్సు పోను రైతుకి ముట్టాల్సింది ఎంత, సరుకు కోల్డ్ స్టోరేజీలో పెడితే బాండు నంబరు ఏమిటి, ఇవన్నీ అందులోనే ఉంటాయి. డేటా క్లౌడ్‌లో, హైదరాబాద్ రీజియన్‌లో, అంటే అక్కడి డేటా సెంటర్లలో ఉంది.

కోడ్ రాయడానికి ఏఐ వాడుతూనే ఉన్నాం. దాని మీద నాకు పేచీ లేదు. కానీ మా కుర్రాళ్ళు ఇప్పుడు ఏజెంట్‌కి, అంటే చెప్పిన పనిని తనంతట తానే చేసుకుపోయే ఏఐకి, ప్రొడక్షన్ సర్వర్ (కస్టమర్లు వాడే అసలు సర్వర్) యాక్సెస్ కూడా ఇచ్చేద్దాం అంటున్నారు. డిప్లాయ్ చేయడం (కొత్త కోడ్‌ని సర్వర్‌లోకి ఎక్కించడం), డేటాబేస్‌లో మార్పులు, అర్ధరాత్రి ఎర్రర్ వస్తే సరిచేయడం అన్నీ అదే చూసుకుంటుందట. నేను ఒప్పుకోవడం లేదు. కోడ్ ఎంతైనా రాయనివ్వండి, లాగ్‌లు (సర్వర్ రాసుకునే చిట్టాలు) ఎన్నైనా చదవనివ్వండి. రైతు డబ్బు లెక్కున్న డేటాబేస్‌లో మార్చే హక్కు, తీసేసే హక్కు మాత్రం మనిషి దగ్గరే ఉండాలి. మీరేమంటారు?

పటమట క్లౌడ్

అన్నా, మనిషి చేతిలో ఉంటే భద్రం అని ఎలా అంటున్నారు? 2017 జనవరి 31న, డెవలపర్లు కోడ్ దాచుకునే సైట్ గిట్‌ల్యాబ్‌లో ఏం జరిగిందో చూడండి. రాత్రిపూట అలసిపోయిన ఇంజినీరు ఒక సర్వర్ అనుకుని ఇంకో సర్వర్‌లో, అంటే అసలు డేటాబేస్ ఉన్నదాంట్లో, ఫోల్డర్ తీసేశాడు. చూసుకునేసరికి ఆలస్యమైపోయింది. బ్యాకప్‌కి వాళ్ళకి ఐదు పద్ధతులున్నాయి, అవసరానికి ఏదీ సరిగ్గా పనిచేయలేదు. దాదాపు ఆరు గంటల డేటా పోయింది. అప్పటికి ఏఐ ఏజెంట్ల మాటే లేదు.

సీజన్‌లో యార్డుకి లక్షకు పైగా టిక్కీలు దిగే రోజులుంటాయి. అలాంటప్పుడు తెల్లవారుజామున సర్వర్ పడిపోతే మీ ఆఫీసులో ఫోన్ ఎత్తేది ఎవరు? పెద్ద కంపెనీలకు షిఫ్టుల్లో మనుషులుంటారు. నలుగురున్న ఆఫీసుకి ఏజెంటే నైట్ షిఫ్ట్. ఆ సాయం వద్దనుకోవడం సీజన్‌లో కస్టమర్‌ని గాలికి వదిలేయడమే.

బ్రాడీపేట టెస్టర్

పటమట గారూ, గిట్‌ల్యాబ్ సంగతి చెప్పారు కాబట్టి 2025 జులైలో, ఏఐతో యాప్‌లు కట్టించే రెప్లిట్ సంగతి కూడా చెప్పుకోవాలి. జేసన్ లెమ్కిన్ అనే ఇన్వెస్టర్ రెప్లిట్ ఏజెంట్‌తో యాప్ కట్టించుకుంటున్నాడు. కోడ్ ముట్టుకోవద్దు, ఏ మార్పూ చేయొద్దు అని స్పష్టంగా చెప్పి పెట్టాడు. అయినా అది ప్రొడక్షన్ డేటాబేస్‌ని తుడిచేసింది. ఎందుకు చేశావని అడిగితే కంగారుపడ్డానంది. పైగా రోల్‌బ్యాక్ (డేటాని పాత స్థితికి తేవడం) కుదరదని చెప్పింది. ఆయన చేసి చూస్తే కుదిరింది.

నాకు భయం వేసేది ఆ చివరి ముక్కకే. డేటా పోవడం ఒక ఎత్తు, పోయినదాని గురించి తప్పు సమాధానం అంత ధీమాగా చెప్పడం ఇంకో ఎత్తు. ఆ మాట నమ్మి ఊరుకుని ఉంటే నిజంగానే పోయేది. తర్వాత రెప్లిట్ కంపెనీ అధిపతి క్షమాపణ చెప్పి, డెవలప్‌మెంట్ డేటాబేస్‌నీ ప్రొడక్షన్ డేటాబేస్‌నీ వేరు చేస్తున్నామని ప్రకటించాడు. ఇక్కడ చూడాల్సింది ఏమిటంటే, వాళ్ళు ఏజెంట్‌కి ఇంకా గట్టిగా చెబుతాం అని సరిపెట్టుకోలేదు. దాని చేయి అందకుండా చేశారు. వద్దు అని ప్రాంప్ట్‌లో (ఏఐకి ఇచ్చే సూచనలో) రాసినంత మాత్రాన దానికి తాళం పడినట్టు కాదు.

గవర్నర్‌పేట డెవలపర్

టెస్టర్ గారూ, మా దగ్గర జరిగింది కూడా చెబుతాను. టెస్ట్ కాపీ మీద ఏజెంట్‌ని పెట్టి, రైతుల జాబితాలో డూప్లికేట్లు ఉంటే చూపించమన్నాం. చక్కగా పట్టిక వేసి ఇచ్చింది. అందులో ఒకే ఊరు, ఒకే ఇంటిపేరు, ఒకే పేరు ఉన్న రెండు ఖాతాల్ని కలిపేయమని సలహా. కలపడానికి స్క్రిప్ట్ కూడా సిద్ధంగా ఉంచింది. స్క్రిప్ట్‌లో ఒక్క తప్పు లేదు, టెస్టులన్నీ పాస్.

కానీ వాళ్ళు ఇద్దరు మనుషులు. తాత పేరు పెట్టుకున్న అన్నదమ్ముల పిల్లలు. తండ్రి పేరు కాలమ్ ఒకరికి ఖాళీగా ఉంది, ఫోన్ నంబరు ఇద్దరికీ ఒకటే ఇచ్చారు. పల్నాడులో ఏ ఊరికి వెళ్ళినా ఇలాంటి జంటలు కనిపిస్తారు. యార్డు గుమస్తాని అడిగితే కాగితం చూడకుండానే చెప్పేశాడు, వాళ్ళిద్దరూ వేరండీ, ఒకాయన తేజా వేస్తాడు, ఇంకొకాయన బాడిగ వేస్తాడు అని. అది ప్రొడక్షన్‌లో నడిచి ఉంటే ఒకరి అప్పు ఇంకొకరి ఖాతాలో పడేది. ఎర్రర్ రాదు, సర్వర్ పడిపోదు, అలర్ట్ మోగదు. సీజన్ చివర్లో లెక్క తేల్చేటప్పుడు ఇద్దరూ కొట్లాటకు వస్తారు.

పటమట తమ్ముడూ, గిట్‌ల్యాబ్ తప్పు వెంటనే బయటపడింది. ఇలాంటి తప్పు నెలల తరబడి కనపడదు. నా టెన్షన్ అదే.

చిలకలూరిపేట రోడ్ అకౌంట్స్

నేను సాఫ్ట్‌వేర్ మనిషిని కాదండి, కోల్డ్ స్టోరేజీలో లెక్కలు రాస్తాను. వాడేవాళ్ళం కాబట్టి ఒక మాట. రైతు మా దగ్గర సరుకు పెట్టి బాండు తీసుకుంటాడు. ఆ బాండు మీద బ్యాంకులో లోను తెచ్చుకుంటాడు. ధర బాగుందని అమ్ముకోవడానికి వచ్చిన రోజు స్క్రీన్ మీద అతని టిక్కీలు తక్కువ కనిపిస్తే మా కౌంటర్ దగ్గర ఏం జరుగుతుందో మీరెవరూ చూడలేదు. సిస్టమ్ మార్చింది అంటే వినే రైతు లేడు. ఎవరు మార్చారో పేరు చెప్పాలి. ఆ పేరు గలాయన ఫోన్ ఎత్తాలి. మీరు ఏ ఏఐ పెట్టుకున్నా నాకు అభ్యంతరం లేదు, ఆ పేరు మాత్రం ఉండాలి.

సింగ్‌నగర్ హార్డ్‌వేర్

అసలు క్లౌడే వద్దు, సొంత సర్వర్ ఆఫీసులో పెట్టుకుంటే ఈ గొడవే లేదు అనేవాళ్ళు ఇక్కడికి కూడా వస్తారు. ముందే చెబుతున్నా, 2024 సెప్టెంబరులో బుడమేరు మా పేట మీదికి వచ్చినప్పుడు గ్రౌండ్ ఫ్లోర్‌లో ఉన్న సీపీయూలన్నీ రోజుల తరబడి నీళ్ళలోనే ఉన్నాయి. క్లౌడ్‌లో డేటా ఉన్నవాళ్ళు ఫోన్‌లోనే లెక్కలు చూసుకున్నారు. క్లౌడ్ కూడా పడుతుంది, కాదనను. 2025 అక్టోబరు 20న అమెజాన్ క్లౌడ్ వర్జీనియా రీజియన్‌లో డీఎన్ఎస్ (పేరుని బట్టి సర్వర్ చిరునామా చెప్పే వ్యవస్థ) ఆటోమేషన్ లోపంతో ప్రపంచమంతా ఎన్నో యాప్‌లు ఆగిపోయాయి. అయినా రీజియన్ తేరుకుంటుంది, తడిసిన డిస్క్ తేరుకోదు.

పటమట క్లౌడ్

డూప్లికేట్ రైతుల సంగతి బలమైన పాయింట్, ఒప్పుకుంటున్నా. కానీ దానికి మందు ఏజెంట్‌ని గుమ్మం బయట నిలబెట్టడం కాదు, హక్కులు విడగొట్టడం. చదవడానికి ఒక రోల్ (ఫలానా పనికే హక్కున్న లాగిన్ లాంటిది), సర్వీస్ రీస్టార్ట్ చేయడానికి ఒక రోల్. డేటా మార్చే రోల్ దానికి ఇవ్వొద్దు. డేటాబేస్‌ని ఎవరూ పొరపాటున తీసేయకుండా డిలీషన్ ప్రొటెక్షన్ పెట్టండి.

ఇంకొకటి, మన చిన్న ఆఫీసుల్లో చాలామందికి తెలియదు. అమెజాన్ క్లౌడ్ డేటాబేస్ సర్వీసు ఆర్‌డీఎస్‌లో ఆటోమేటిక్ బ్యాకప్‌లు 35 రోజుల దాకా ఉంచుకోవచ్చు కదా అని ధైర్యంగా ఉంటారు. డేటాబేస్‌నే డిలీట్ చేసేటప్పుడు వాటిని ఉంచమని చెప్పకపోతే ఆ బ్యాకప్‌లు కూడా దాంతోపాటే పోవచ్చు. మనం విడిగా తీసుకున్న స్నాప్‌షాట్ (ఆ క్షణానికి డేటాబేస్ మొత్తం కాపీ) మాత్రం నిలుస్తుంది. ఆ స్నాప్‌షాట్ కాపీని వేరే అకౌంట్‌లో, ఏజెంట్ ఊసే లేని చోట పెట్టండి. ఇదంతా చేశాక కూడా రాత్రి రీస్టార్ట్ హక్కు ఇవ్వననడం మొండితనం అనిపిస్తుంది.

కొత్తగా చేరిన ఇంజినీరు

నేను గుంటూరులోనే ఇంజినీరింగ్ చదివి ఈ మధ్యే ఉద్యోగంలో చేరాను. రీస్టార్ట్‌లు, రిస్టోర్‌లు ఏజెంట్ చేసేస్తే మాలాంటి వాళ్ళం అది ఎక్కడ నేర్చుకుంటాం సర్? అది చేతులెత్తేసిన రోజున మమ్మల్నే చేయమంటారు కదా.

వేగం గురించి కూడా ఒక మాట. 2025 జులైలో మెటర్ అనే సంస్థ ఒక అధ్యయనం ప్రచురించింది. అనుభవమున్న 16 మంది ఓపెన్ సోర్స్ డెవలపర్లు తమకు బాగా తెలిసిన ప్రాజెక్టుల్లోనే పనిచేశారు. ఏఐ వాడితే 24 శాతం త్వరగా అవుతుందని ముందు అనుకున్నారు. తీరా కొలిస్తే 19 శాతం ఎక్కువ సమయం పట్టింది. పని అయ్యాక కూడా త్వరగానే అయిందని వాళ్ళ నమ్మకం. పదహారు మందితో అందరికీ తీర్పు చెప్పలేం, టూల్స్ కూడా అప్పటినుంచి మారాయి. కానీ మాకు టైమ్ ఆదా అవుతోంది అనేవాళ్ళు ఎవరైనా గడియారం పెట్టి చూశారా అని అడగాలనిపిస్తుంది.

బ్రాడీపేట టెస్టర్

మంచి ప్రశ్న అడిగావమ్మా. ఇంకో సంగతి ఎవరూ ఎత్తలేదు. ఆ డేటాబేస్‌లో రైతు ఫోన్ నంబరు, బ్యాంక్ ఖాతా ఉంటాయి. డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం 2023లో వచ్చింది, రూల్స్ 2025 నవంబరులో నోటిఫై అయ్యాయి. తగిన భద్రత పెట్టకపోతే పెనాల్టీ 250 కోట్ల దాకా ఉండొచ్చు. గడువు ఇంకా ఉందని కూర్చోకుండా, ఏజెంట్ చదివే కాపీలో ఆ కాలమ్‌లు ఇప్పుడే మార్చేసి పెట్టుకోవాలి. చదివే హక్కే కదా, పోయేదేముంది అనుకుంటున్నారు. చదివితే బయటికి పోయేది ఆ వివరాలే.

గవర్నర్‌పేట డెవలపర్

టెస్టర్ గారి మాట తీసుకుంటున్నాను, ఏజెంట్‌కి ఇచ్చే కాపీలో ఫోన్లు, ఖాతాలు ఉండవు. పటమట తమ్ముడు చెప్పిన వేరే అకౌంట్ స్నాప్‌షాట్ కూడా పెడతాం. ప్రతి నెలా ఆ స్నాప్‌షాట్‌తో కొత్త డేటాబేస్ లేపి, ఒక కోల్డ్ స్టోరేజీ టిక్కీల లెక్క అకౌంట్స్ గారి రిజిస్టరుతో సరిచూస్తాం. ఆ పని కొత్తగా చేరినవాళ్ళ చేతే చేయిస్తాం.

రాత్రి రీస్టార్ట్ విషయంలో మాత్రం ఇంకా ఒప్పుకోలేదు. కాటా మీద సరుకు ఉండగా ఎంట్రీ సగంలో రీస్టార్ట్ అయితే ఆ చీటీ ఎక్కినట్టా, ఎక్కనట్టా? దీనికి మా సాఫ్ట్‌వేర్‌లో సమాధానం ఉందని చూపించండి, రీస్టార్ట్ రోల్ ఇస్తాను.

పటమట క్లౌడ్

న్యాయమైన మాటే. ఒక్కో చీటీని ఒకే ట్రాన్సాక్షన్‌గా, అంటే ఎక్కితే మొత్తం ఎక్కేలా, లేకపోతే అసలు ఎక్కకుండా, రాస్తున్నారా లేదా చెప్పండి. రాస్తుంటే సగం ఎంట్రీ అనేదే మిగలదు. లేకపోతే ఏజెంట్ సంగతి పక్కన పెట్టి ముందు అది సరిచేయాలి. కరెంటు పోయినా మీకు ఇదే తిప్పలు.