హాల్లో కాఫీ మొక్క: అంచులు మాడుతున్నాయి, చిగుళ్లు పసుపు రంగులో వస్తున్నాయి

తార్నాక మూడో అంతస్తు:

అందరికీ నమస్కారం. మన హైదరాబాదు నెక్లెస్ రోడ్డు నర్సరీ మేళాలో ఒక కాఫీ మొక్క కొన్నాను. కాఫీ తాగాలన్న ఆశతో కాదు, ఆకు చూసి మనసు పడ్డాను. నూనె రాసినట్టు మెరుపు, అలలు తీరిన అంచులు, కణుపుకు రెండేసి ఎదురెదురు ఆకులు. అమ్మిన అబ్బాయి “అరబికా రకం కాఫీ అండీ, నీడలో పెట్టండి చాలు” అని చేతిలో పెట్టాడు. వానాకాలం, చలికాలం ఆ మాట నిలబడింది. మొక్క మోకాలు దాటింది. వచ్చిన చుట్టాలందరూ అదేమి మొక్క అని అడిగేవారు, నేనూ కొంచెం గొప్పగానే చెప్పేదాన్ని.

ఏప్రిల్ నుంచి వ్యవహారం మారింది. పాత ఆకుల కొసలు గోధుమ రంగుకు తిరిగి, వేళ్లతో నలిపితే పొడి అయిపోతున్నాయి. కొత్తగా వచ్చే ఆకులు పసుపు రంగులో, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా ఉంటున్నాయి. మట్టి మీద, కుండీ అంచు చుట్టూ తెల్లటి పొర కట్టింది. పురుగులు కనబడలేదు కానీ, ఆకు వెనక పక్క ఈనెలు కలిసే చోట చిన్న చిన్న గుంటలు ఉన్నాయి. ఏ పురుగైనా గుడ్లు పెట్టిందా అని అనుమానం.

మిగతా వివరాలు: పది అంగుళాల ప్లాస్టిక్ కుండీ, అడుగున చిల్లులు ఉన్నాయి. తూర్పు కిటికీ పక్కన ఉంటుంది. మధ్యాహ్నం నుంచి హాల్లో ఏసీ నడుస్తుంది. నల్లా నీళ్లు వంటకే సరిపోతాయి, మిగతాదంతా బోరు. ఆర్.ఓ. యంత్రం వదిలేసే నీళ్లు పారబోయడం ఇష్టంలేక బకెట్టులో పట్టి మొక్కలకు పోస్తాను. విశాఖ నుంచి వచ్చిన మా అత్తగారు కాఫీ ఫిల్టరులో మిగిలిన పిప్పిని రోజూ దీని మొదట్లో వేస్తారు. “దాని బలం దానికే” అని ఆవిడ వాదన. కాఫీ మొక్క అన్నాక ఎప్పటికైనా ఒక గ్లాసు కాఫీ ఇవ్వాలన్నది ఆవిడ రెండో వాదన.

వెలుతురు చాలడం లేదా? పడమటి బాల్కనీలోకి మార్చాలా? పొడవు మరీ పెరగకుండా కొస తుంచవచ్చా?

—

సైనిక్‌పురి మిద్దెతోట:

పడమటి బాల్కనీ మాట మరచిపోండి. మే నెలలో మన ఊరి మూడు గంటల ఎండకు కాఫీ ఆకు ఒక్క పూట నిలవదు. తూర్పు కిటికీ దీనికి సరైన చోటు. ఉదయం ఒకటి రెండు గంటల ఎండ పడినా పరవాలేదు.

మీ మొక్క జబ్బు ఆ బకెట్టులో ఉంది. ఆర్.ఓ. యంత్రం మంచినీటిని ఒక పక్కకు తీసి, ఉప్పులన్నిటినీ మిగిలిన నీటిలోకి నెట్టేస్తుంది. అంటే బోరు నీటి కంటే చిక్కటి ఉప్పునీరు మీరు కుండీలో పోస్తున్నారు. ఆ తెల్ల పొర అదే. దాంతో ఇల్లు తుడవండి, బాత్రూము కడగండి, మొక్కలకు మాత్రం వద్దు. కాఫీకి కాస్త పులుపు నేల కావాలి, ఉదజని సూచిక (pH) 6 నుంచి 6.5 వరకు ఉంటే హాయిగా ఉంటుంది. సున్నం ఎక్కువున్న నీళ్లు పోస్తూ పోతే మట్టి క్షారం వైపు తిరుగుతుంది. అప్పుడు మట్టిలో ఇనుము ఉన్నా వేరు తీసుకోలేదు. చిగురు పసుపు రంగులో, ఈనె ఆకుపచ్చగా ఉండడం ఇనుము అందకపోవడానికి గుర్తు.

నమ్మకం కుదరకపోతే మీ అపార్టుమెంటులో నూరువరహాల మొక్కలు ఉంటే వెళ్లి చూడండి. అదీ కాఫీ కుటుంబానిదే. బోరు నీళ్లు తాగే నూరువరహాలు ఊరంతా ఇదే రంగులో కనిపిస్తాయి.

మందు మీ ఇంట్లోనే కారుతోంది. ఏసీ గొట్టం కింద బకెట్టు పెట్టండి. గాలిలోని తేమ చల్లబడి నీరైందే కాబట్టి అందులో ఉప్పులు దాదాపు ఉండవు. ఆకులు తుడవడానికీ అదే వాడండి, తెల్ల మచ్చలు పడవు. ముందు కుండీని బాత్రూములో పెట్టి, కుండీ పరిమాణానికి మూడింతల ఏసీ నీటిని నెమ్మదిగా పోసి అడుగు నుంచి పోనివ్వండి. పైన కట్టిన పొరను అంతకు ముందే గీకి పారేయండి. ఆ తరువాత పై అంగుళం మట్టి ఆరినప్పుడే నీళ్లు. పళ్లెంలో నీరు నిలవనివ్వవద్దు.

ఇనుము కోసం అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్). పొలంలో లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి కొడతారు. మీ కుండీకి అందులో సగం మోతాదు చాలు. సాయంత్రం పూట, బాల్కనీలో, చిగుళ్ల మీద పిచికారీ చేసి వారం ఆగి మళ్లీ చేయండి. గచ్చు మీద పడితే తుప్పు మరక పోదు, కింద పాత పేపర్లు పరచుకోండి. మాడిన అంచులు తిరిగి పచ్చబడవు. ఇకపై వచ్చే ఆకులను చూసి గుణం లెక్కపెట్టండి.

రెండో శత్రువు పొడిగాలి. ఎండాకాలం మన గాలే పొడి, దానికి ఏసీ తోడు. గాలి సూటిగా తగలని మూలకు జరపండి. వెడల్పాటి పళ్లెంలో గులకరాళ్లు పోసి, రాళ్లు మునగకుండా నీళ్లు నింపి, వాటిపై కుండీ పెట్టండి. పక్కన మరో నాలుగు మొక్కలు చేర్చితే ఇంకా మంచిది. కూలరు ఉన్న ఇంట్లో కాఫీ మొక్క ఏసీ ఇంట్లో కంటే సుఖంగా ఉంటుంది, ఇది నేను పందెం కాసి చెప్పగలను.

ఆకు వెనక గుంటలు పుట్టుకతో వచ్చినవే. అన్ని ఆకుల మీదా అదే చోట ఉంటాయి, గమనించండి. మీరు చూడవలసింది కణుపుల్లో తెల్లటి దూదిలా చేరే పిండినల్లి కోసం. కనబడితే స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిచేసి, లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెం సబ్బు నీళ్లు కలిపి కొట్టండి.

కాఫీ పిప్పి ఆపించండి. పైన అట్ట కట్టి నీటిని దిగనివ్వదు, బూజు పడుతుంది. అత్తగారితో ఎలా చెబుతారో మీ ఇష్టం.

—

చింతపల్లి అబ్బాయి:

నమస్తే అండీ. మాది చింతపల్లి, మాకు కాఫీ తోట ఉంది. ఉద్యోగం కోసం ఇక్కడికి వచ్చాను. మా వైపు సిల్వర్ ఓక్ చెట్ల కింద, వాటికి పాకించిన మిరియాల తీగల మధ్య కాఫీ పెరుగుతుంది. అరబికాకు 15 నుంచి 25 డిగ్రీల లోపు వాతావరణం ఇష్టం. అందుకే మీకు వానలు, చలికాలం బాగా గడిచాయి. ఎండాకాలం దాని చేత ప్రాణం నిలుపుకోవడం వరకే చేయించండి. ఎరువులు మళ్లీ జూన్ తరువాతే.

కొస తుంచడం గురించి: తుంచవచ్చు. మా తోటల్లో నాలుగున్నర, అయిదు అడుగుల దగ్గర తుంచేస్తారు. ఇంట్లో మీ కిటికీ ఎత్తును బట్టి మూడున్నర అడుగుల దగ్గర తుంచండి. తరువాత కాండం మీద నిట్టనిలువుగా పిలకలు లేస్తాయి, వాటిని లేతగా ఉన్నప్పుడే గిల్లేయాలి. పక్క కొమ్మల జోలికి మాత్రం వెళ్లవద్దు. కాండం నుంచి అడ్డంగా వచ్చిన మొదటి కొమ్మ ఒకసారి పోతే ఆ కణుపులో మళ్లీ రాదు. ఆకులు మాడాయని కింది కొమ్మలు కోసేసిన మొక్క జీవితాంతం బోడి కాళ్లతో నిలబడుతుంది. మాడిన అంచు వరకే కత్తెరతో తీయండి. పక్క కొమ్మను తుంచి నాటుదామన్నా లాభం లేదు, అది బతికినా నిలువుగా లేవదు, అడ్డంగానే పాకుతుంది.

అత్తగారి కాఫీ సంగతి. అరబికా తన పుప్పొడితోనే కాయ కడుతుంది కాబట్టి ఒక్క మొక్క ఉన్నా కాయవచ్చు. మూడు నాలుగేళ్ల వయసు రావాలి. మార్చి, ఏప్రిల్‌లో బెట్ట మీదున్న తోటకు ఒక మంచి వాన పడితే వారం, పది రోజుల్లో తోటంతా తెల్లగా పూస్తుంది. మల్లెను తలపించే వాసన, రెండు మూడు రోజుల ముచ్చట. ఇంట్లో కావాలంటే ఫిబ్రవరిలో నీళ్లు కొంత తగ్గించి, ఆకు కాస్త వాలే దశలో కుండీ నిండా పోయాలి. పిందె పండు కావడానికి ఏడెనిమిది నెలలు. ఒక్కో పండులో రెండు గింజలు. గ్లాసు కాఫీకి నలభై పండ్ల దాకా కావాలి. ఆవిడకు ఆశ ఉంచండి, తేదీ మాత్రం చెప్పకండి.

పిప్పి విషయంలో మిద్దెతోట గారంత కఠినంగా ఉండను. రోజూ వేయకుండా కంపోస్టులో కలిపి మగ్గనిచ్చి వాడితే బాగుంటుంది. మా తోటలోనూ పండు తొక్కను మగ్గబెట్టి మళ్లీ చెట్లకే వేస్తాం.

—

రెండు పిల్లుల ఇల్లు:

ఒక్క మాట. ఇంట్లో పిల్లులు, కుక్కలు ఉంటే జాగ్రత్త. కెఫీన్ వాటికి విషం. ఈ మొక్క ఆకులోనూ గింజలోనూ అది ఉంటుంది. మా ఇంట్లో అందుకే దీన్ని ఎత్తు బల్ల మీద పెట్టాం. రాలిన కాయను నేల మీద వదలం.

—

తార్నాక మూడో అంతస్తు:

అందరికీ ధన్యవాదాలు. గేటు దగ్గర నూరువరహాలు చూసి వచ్చాను, అచ్చం ఇదే రంగు. వాచ్‌మన్ వాటికి ఎరువు చాలలేదని ఇన్నాళ్లూ యూరియా వేస్తున్నాడట! ఏసీ గొట్టం కింద బకెట్టు పెట్టాను, సాయంత్రానికి సగం పైన నిండింది. అత్తగారికి చింతపల్లి వారి జవాబు చదివి వినిపించాను. సొంత తోట ఉన్న మనిషి చెప్పాడు కాబట్టి ఒప్పుకున్నారు, పిప్పి ఇక కంపోస్టు డబ్బాలోకే. మా ఇంట్లో పిల్లి లేదు. ఇంకొక్క సందేహం: వానలు మొదలయ్యాక కుండీ మార్చాలా?

—

సైనిక్‌పురి మిద్దెతోట:

అడుగు చిల్లుల్లోంచి వేళ్లు బయటికి వస్తుంటే మార్చండి. నాలుగు మంచి వానలు పడి వేడి తగ్గాక, జులైలో. పన్నెండు అంగుళాల కుండీ చాలు. మరీ పెద్దది తీసుకుంటే మట్టి ఆరక వేరు కుళ్లుతుంది. సగం ఎర్రమట్టి, మిగతా సగంలో వర్మీకంపోస్టు, కొబ్బరి పీచు పొట్టు సమానంగా. పొట్టును ముందు రెండుసార్లు మంచినీటితో కడిగి పిండండి, అందులోనూ ఉప్పు ఉంటుంది. తల్లివేరు వంగకుండా దించండి. మార్చిన తరువాత రెండు మూడు వారాలు ఏ ఎరువూ వద్దు. వాచ్‌మన్‌కు కూడా అన్నభేది సంగతి చెప్పండి.